దూరపు గొట్టం

సికింద్రాబాదు,
రెజిమెంటల్ బజారు,
1948 మే 4

చెల్లె అనసూయకు,

అన్న దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయకపోతే నువ్వు ఏడుపు మొదలుపెడతావు కాబట్టి ముందుగా ఆ మాట రాసేస్తున్నాను. మీ బాలమ్మ వదినకు మోకాళ్ళ నొప్పి, నాకు మీ వదిన నొప్పి. మిగతాదంతా బాగుంది.

సదాశివ బావ కెమెరా బాగుచేసి, రైల్వే గార్డు జ్ఞానశేఖర్ గారి చేతికిచ్చి పంపాను. ఈసారి దాన్ని మిద్దె ఎక్కకుండానే సరిచూశాం. ఎట్లా అంటావా, చెబుతాను విను. గొప్పలు చెప్పుకోవడానికి నాకు నువ్వు కాక ఎవరున్నారు?

కెమెరా విప్పి అద్దం మళ్ళీ బిగించాక, దాని దూరం కుదిరిందో లేదో చూడాలి. అందుకని నేను, వలీ మిద్దె మీది నుంచి మౌలాలి గుట్టకు గురిపెట్టేవాళ్ళం. అంత దూరంలోని గుట్ట స్పష్టంగా పడితే, అద్దం చుట్టూ చెక్కిన, ఎన్ని అడుగుల దూరమో తెలిపే గుర్తులన్నీ నిజమే అని నమ్మకం. ఇప్పుడు మిద్దె మీద కెమెరా పట్టుకుని నిలబడితే ఎవరి గూఢచారివని అడుగుతున్నారు. ఒకసారి రజాకార్లు వచ్చారు, ఒకసారి పోలీసులు వచ్చారు. ఇద్దరికీ గుట్టను చూస్తున్నామంటే నమ్మకం కలగలేదు.

అందుకని గుట్టనే దుకాణంలోకి తెచ్చేశాం. మూరెడు ఇత్తడి గొట్టం, నిలువుగా నిలబడుతుంది. పైన పాత దుర్భిణి అద్దం, అడుగున గాజుబిళ్ళ. బిళ్ళ మీద వలీ వజ్రపు ముక్కతో గీసిన కూడిక గుర్తు, దాని కింద దీపం. పై అద్దానికి, బిళ్ళకు నడుమ దూరం సరిగ్గా కుదిరితే, గొట్టం మీద బోర్లా పెట్టిన కెమెరాకు ఆ గుర్తు గుట్ట కన్నా దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. చలికాలంలో, మిద్దె ఇంకా మనదిగా ఉన్నప్పుడే, గుట్టతో సరిపోల్చి పెట్టుకున్నాం. బజారంతా దీన్ని దూరపు గొట్టం అంటున్నది.

వలీని మరిచిపోలేదు కదా? లాలాగూడ వలీ. నీ పెళ్ళి గ్రూపు ఫొటోలో కళ్ళు మూసుకున్నవాడు. అద్దాల పని అతనిది, ఇత్తడి పని నాది. ఇన్నేళ్ళుగా ఒకే బల్లకు అటూ ఇటూ కూచుని కొట్లాడుకుంటున్నాం. రెండు నెలల కింద దీపం వెలుగు చాలడం లేదని నేను దాన్ని బిళ్ళకు బాగా దగ్గరికి జరిపి, వెనక మెరుగుపెట్టిన రేకు అమర్చాను. గుర్తు చుక్కలా వెలుగుతున్నది. గొట్టం చేసినప్పుడు, బిళ్ళను పట్టి ఉంచడానికి తిప్పి బిగించే మర ఉంగరం చేద్దామని వలీ పట్టు. నేను లక్క పోశాను. మన తాతలు నగలో రాళ్ళు నిలబెట్టింది లక్కతోనే కదా.

"ప్రతిదానికి లక్కేనా చారీ? బాలమ్మతోని లొల్లి అయితే సుత లక్క పోసి అతికిస్తవా?" అన్నాడు.

నవ్వాను. లక్క ఆరకముందే ఎప్పటిలాగా బొటనవేలు ఒత్తాను. మన ఇంటి పనికి అదే కదా ముద్ర.

నీ అన్న,
బ్రహ్మచారి


బెజవాడ,
1948 మే 29

అన్నా,

కెమెరా చేరింది. జ్ఞానశేఖర్ గారు దాన్ని టిఫిను గిన్నెల మధ్య దాచి తెచ్చారు. రెండు రోజులు స్టూడియో అంతా పప్పుచారు వాసన. నీ గొట్టం సంగతి చదివి మీ బావ ఎంత మురిసిపోయారో! వచ్చినవాళ్ళందరికీ మా బావగారు మౌలాలి గుట్టను బల్ల మీద నిలబెట్టారని ఒకటే చెప్పడం.

కానీ ఒక చిక్కు వచ్చిపడింది. ఇక్కడి పంతుళ్ళ సంఘం వాళ్ళకు ఆరుబయట గ్రూపు ఫొటో తీశారు. నేనే కడిగాను. వెనక గోడ మీద ఇటుకలు ఎంచుకోవచ్చు, ముందు నిలబడ్డ పంతుళ్ళకు ముక్కులు లేవు. పెద్ద పంతులు గారు ఫొటో చూసి, "ఇందులో నేనెవరినమ్మా?" అని నన్నే అడిగారు. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్ళీ తీస్తే మళ్ళీ అంతే.

ఆడలేక మద్దెల ఓడు అన్నారని అంటావేమో. మీ బావ కెమెరాను ఒక్క మాట అనలేదు, తన కళ్ళనే అంటున్నారు. మా మామగారికి నడివయసులోనే చూపు పోయింది కదా, ఆ భయం పట్టుకుంది. పొద్దున్నే కిటికీలో నిలబడి ఎదురింటి బోర్డు చదువుకుంటున్నారు.

ఒకసారి వలీ అన్నను గట్టిగా అడుగు. మీ నిజాం రాజ్యం వాళ్ళంతా కలిసి మా యూనియన్ ఫొటోలు మసకబారిపోవాలని ఏమైనా తాయెత్తు కట్టి పంపారేమో! వదినను మోకాళ్ళకు ఆముదం రాసుకోమను. నీకు మందు లేదు.

అనసూయ


సికింద్రాబాదు,
1948 జూన్ 24

చెల్లె అనసూయకు,

నీ ఉత్తరంలోని తాయెత్తు మాట ముల్లులా గుచ్చుకుంది. నీకు అక్కడుండి తోచింది నాకు పక్కనుండి ఎందుకు తోచలేదు?

మసక మీ ఒక్కరిదే కాదు. ఈ ఎండాకాలం మేము బాగుచేసిన కెమెరాల్లో మరికొన్ని తిరిగి వచ్చాయి. అన్నింటినీ గొట్టం మీద పెట్టి చూశాను. గుర్తు సూది మొనలా పడుతున్నది. గొట్టంలో తప్పు లేదు, నా ఇత్తడిలో తప్పు లేదు. ఇక మిగిలింది ఎవరు? గొట్టం మీద చూశాక చివరి బిగింపు వలీ చేతిది. ఏ కెమెరా ఎవరి దగ్గరికి పోతుందో అతనికి తెలుసు. అతని తమ్ముడు ఫకీర్ రజాకారు బట్టలు వేసుకుని మన బజారులోనే కవాతు చేస్తున్నాడు.

నిన్న వలీతో, "కొన్ని దినాలు దుకాణానికి రాకు" అన్నాను.

"ఎందుకు?"

"దినాలు మంచిగ లెవ్వు."

"దినాల సంగతి నాకెర్కే. నా సంగతి చెప్పు."

"సదాశివ కెమెరాను ఆఖరుకు బిగించింది నువ్వే కద" అన్నాను.

వలీ బల్ల మీద చెయ్యి చరిచి, "గంత మాట అంటవా? నువ్వు మనిషివేనా?" అని అరిచాడు. బజారులో నలుగురూ తొంగిచూశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అనిపించింది నాకు. భూతద్దం బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. అది లేకుండా ఎట్లా పని చేసుకుంటాడో తెలియదు.

బావను కళ్ళ గురించి దిగులుపడవద్దని చెప్పు. తప్పు ఆయనది కాదు.

బ్రహ్మచారి


బెజవాడ,
1948 జులై 12

అన్నా,

నీ ఉత్తరం చదివిన వెంటనే కలం పట్టాను. తాయెత్తు అన్నది వేళాకోళం! చిన్నప్పుడు నీ అన్నంలో ఉప్పు ఎక్కువైతే ఎదురింటి పిల్లి వేసిందని చెప్పేదాన్ని, అప్పుడు పిల్లిని కొట్టావా? వలీ అన్న మీద నాకు అనుమానం ఎందుకుంటుంది? నా పురిటికి వదిన రాలేకపోతే ఆయన తల్లి జాన్ బీ వచ్చి పదిరోజులు నా పక్కన పడుకుంది. ఆ మాట నీకెట్లా మరపుకొచ్చింది?

ఈ ఉత్తరం అందిన పూటే లాలాగూడకు వెళ్ళు. ఆయన్ని తిరిగి పిలుచుకురా. మిగతా కబుర్లు తరువాత.

అనసూయ


సికింద్రాబాదు,
1948 సెప్టెంబరు 27

చెల్లె అనసూయకు,

మే నెల తరువాత నీ ఉత్తరం ఒక్కటీ లేదు. దారులు మూసుకుపోయాయి కాబట్టి రాసినా ఎక్కడో ఆగి ఉంటుంది. ఇకమీదట ఆ బాధ ఉండదు. యూనియన్ సైన్యం వచ్చేసింది. బోయిన్‌పల్లి దగ్గర లారీలు ఆగితే జనం కూరగాయల బండ్లు ఎక్కి చూశారు. మీ వదిన మోకాళ్ళు మరిచిపోయి నాకన్నా ముందు నడిచింది.

సైన్యంతో వచ్చిన ఆఫీసర్లందరికీ కెమెరాలే. గొట్టం సంగతి విని మన దుకాణం వెతుక్కుంటూ వస్తున్నారు. అందులో చూసి ఒకాయన నా భుజం తట్టాడు.

ఇంకో సంగతి. మొన్న సైన్యం వాళ్ళు బజారు పెద్దలను కూచోబెట్టి, ఎవరెవరు రజాకార్లతో తిరిగారో చెప్పమన్నారు. వలీ పేరు వచ్చింది. అతనితో ఎక్కువగా మసలినవాణ్ణి నేను కాబట్టి నన్ను అడిగారు. తమ్ముడు ఫకీర్ రజాకారే అన్నాను. వలీ నా పని చెడగొట్టాడు, అందుకే వెళ్ళగొట్టాను అన్నాను. ఆ సాయంత్రమే వలీని తీసుకుపోయారు.

నేను అబద్ధం ఆడలేదు. ఫకీర్ ఆ బట్టలు వేసుకున్న రోజే వలీ అతన్ని గడప దాటించాడని, అప్పటినుంచి తమ్ముడితో మాట లేదని మాత్రం చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. సరిగానే చేశానంటావా? వెంటనే జవాబు రాయి.

బ్రహ్మచారి


బెజవాడ,
1948 అక్టోబరు 8

అన్నా,

జులైలోనే జవాబు రాశాను. అది చేరి ఉంటే నువ్వు ఈ పని చేసేవాడివి కాదని నమ్ముకుంటున్నాను. అందులో ఉన్నది ఒకటే ముక్క. తాయెత్తు మాట వేళాకోళం. వేళాకోళం. వేళాకోళం.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని అమ్మ నన్నే అనేది. నా నోటి దురుసుకు ఒక మనిషి జైల్లో పడ్డాడు. ఆయన తల్లి చేత్తో కాచిన బాలింత కషాయం తాగి లేచిన దాన్ని నేను. నాకు అద్దంలో ముఖం చూసుకోవడానికి సిగ్గుగా ఉంది.

నీ ఉత్తరం చదివాక మీ బావ ఒకటే మాట అన్నారు. "గొట్టంతో సరిచేసిన కెమెరాను మళ్ళీ ఆ గొట్టం మీదే పెడితే బాగున్నట్టే కనిపిస్తుంది కదా?" దానికి నీ దగ్గర జవాబు ఉందా? ఇప్పుడు మిద్దె ఎక్కితే అడిగేవాళ్ళు లేరు. గుట్ట ఎక్కడికీ పోలేదు. వెళ్ళి చూడు.

అనసూయ


సికింద్రాబాదు,
1948 అక్టోబరు 25

అనసూయా,

నీ జులై ఉత్తరం, అక్టోబరు ఉత్తరం ఒకే రోజు చేతికి వచ్చాయి. జులై ఉత్తరాన్ని ఎవరో విప్పి చదివి మళ్ళీ అతికించారు. వాళ్ళకన్నా వెనక నేను చదివాను.

మిద్దె ఎక్కాను. ఒక ఆఫీసరు కెమెరా, ముందు రోజే గొట్టం మీద సరిచేసినది, తీసుకుపోయాను. వెనక, బొమ్మ పడే గరుకు అద్దం పెట్టి మౌలాలి గుట్టకు గురిపెట్టాను. గుట్ట లేదు. తడి చేత్తో చెరిపేసిన పలకలా ఉంది. మరొక కెమెరా తెచ్చాను. అదీ అంతే. చివరి బిగింపులో వలీ చెడగొట్టి ఉంటే ఆ ఎండాకాలంలోనే గొట్టం మీద గుర్తు కూడా మసకగా పడేది, అదీ నాకు తట్టలేదు.

తరువాత గొట్టం అడుగు విప్పాను. లక్క అలాగే ఉంది, ఎవరూ ముట్టలేదు. ముట్టలేదని ఎట్లా చెప్పగలను అంటే, నా బొటనవేలి ముద్ర దాని మీదే ఉంది. కానీ ముద్ర గుండ్రంగా లేదు, కిందికి సాగి ఉంది. నేను దగ్గరికి జరిపిన దీపం వేడికి లక్క రోజూ కొంచెం మెత్తబడి, బిళ్ళ బరువుకు వెంట్రుకవాసి కిందికి దిగింది. ఆ వెంట్రుకవాసి చాలు, దూరాలన్నీ తప్పడానికి. దీపం జరిపింది నేను. లక్క పోసింది నేను. ఈ వేళ్ళతోనే పుట్టిన నాటినుంచి లక్క కరిగిస్తున్నాను. వేడికి లక్క కరుగుతుందని నాకు ఎవరు చెప్పాలి?

లాలాగూడకు వెళ్ళాను. జాన్ బీ గడపలో కూచుని బియ్యం ఏరుతున్నది. వలీ భార్య మెహరాజ్ నన్ను చూసి లోపలికి వెళ్ళి గది తలుపు వేసుకుంది. నేను మాట్లాడకముందే ముసలామె, "మా వోడు జెర్రంత పరేషాన్ గిట్ల ఉన్నడా అక్కడ? నువ్వు పోయి చూసొచ్చినవా బిడ్డా?" అని అడిగింది. ఆమెకు తెలియదు. ఆమె కొడుకు గురించి నేనేం చెప్పానో ఇంకా ఎవరూ ఆమెకు చెప్పలేదు. నన్ను దోస్తు అనుకుని నీళ్ళిచ్చింది. ఆ నీళ్ళు తాగాను అనసూయా. వద్దనలేక తాగాను. చెప్పకుండానే వచ్చేశాను.

ఇప్పుడేం చేయాలో తోచడం లేదు. గొట్టం తప్పని బయటపెడితే ఆఫీసర్ల కెమెరాలన్నీ పాడని చెప్పినట్టే. దుకాణం గడప తొక్కేవాడు ఉండడు. అందుకని ముందు గొట్టం చప్పుడు లేకుండా సరిచేసుకుని, తరువాత తెలిసిన వకీలు ద్వారా వలీ మంచివాడేనని ఒక మాట వేయిద్దామని అనుకుంటున్నాను. నువ్వేమంటావు?

బ్రహ్మచారి


బెజవాడ,
1948 నవంబరు 3

అన్నా,

నేనేమంటానో తెలిసే అడిగావు.

నలుగురి ముందు ఆయన పేరు చెప్పావు. ఇప్పుడు వకీలు చెవిలో మంచివాడని ఊదుతావా? మంచివాడో చెడ్డవాడో ఎవరడిగారు? ఆయన నీ పని చెడగొట్టలేదు, నువ్వే చెడగొట్టుకున్నావు. ఆ మాట నీ నోటితో, ఆ పెద్దల ముందే, ఆ గొట్టం చేత్తో పట్టుకుని చెప్పాలి. తమ్ముడిని గడప దాటించిన సంగతీ చెప్పాలి. దుకాణం పోతే పోనీ. ఇక్కడికి రా, మీ బావ పక్కన కూచుని ఫొటోలకు అట్టలు అతికించు. లక్కతో మాత్రం వద్దు.

కోపంగా రాస్తున్నాను, నీకన్నా నేనేమీ గొప్పదాన్ని కాదు. రోజూ పడుకునేముందు ఆ తాయెత్తు మాట గుర్తొచ్చి నోరు మూసుకుంటున్నాను. మీ బావ కళ్ళు బాగానే ఉన్నాయట, డాక్టరు చెప్పాడు. ఆ సంతోషం కూడా సంతోషంలా లేదు.

వెళ్ళు అన్నా.

అనసూయ


సికింద్రాబాదు,
1949 ఫిబ్రవరి 20

చెల్లె అనసూయకు,

ఇన్నాళ్ళు ఎందుకు రాయలేదంటే, రాయడానికి తగిన సంగతి చేతిలో లేక. ఇప్పుడు ఉంది. మంచిదో చెడ్డదో నువ్వే తేల్చు.

నీ ఉత్తరం అందిన తరువాత కూడా మూడు నాలుగు సార్లు బయలుదేరి వెనక్కి వచ్చాను. చివరికి మీ వదిన గొట్టాన్ని పాత చీరలో చుట్టి నా చంకలో పెట్టింది. "పోతవా, నన్ను పొమ్మంటవా?" అంది. పోయాను. బజారు పెద్దల ముందు, ఆ తరువాత కచ్చేరీలో, గొట్టం అడుగు విప్పి నా వేలిముద్ర చూపించాను. కచ్చేరీ గుమాస్తాకు లక్క సంగతి అర్థం కాలేదు. "అంటే నీదే తప్పంటవా?" అన్నాడు. నాదే అన్నాను. "మరి అప్పుడెందుకట్ల చెప్పినవయ్యా?" అని నవ్వాడు. ఫకీర్ సంగతి కూడా ఉన్నదున్నట్టు రాయించాను. ఆ వారంలోనే ఆఫీసర్లు కెమెరాలు తీసుకుపోయారు. భుజం తట్టినాయన నా వైపు చూడను కూడా లేదు.

జాన్ బీకి కూడా నేనే చెప్పాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఏరుతున్న బియ్యం చాటను పక్కన పెట్టి, "నా కాడ నీళ్ళు తాగినవ్ గద బిడ్డా" అంది. తిట్టి ఉంటే ఇంటిదాకా నడిచేవాణ్ణి. లాలాగూడ స్టేషన్ బల్ల మీదే పొద్దుపోయేదాకా కూచున్నాను.

వలీ సంక్రాంతి దాటాక బయటికి వచ్చాడు. చిక్కిపోయాడు, గడ్డం నెరిసింది. నేను కబురు పంపలేదు, పంపే ముఖం లేదు. గొట్టాన్ని మాత్రం మళ్ళీ చేశాను. లక్క తీసేసి, అతను అడిగిన మర ఉంగరమే కోశాను. దీపాన్ని దూరంగా జరిపి, నడుమ సున్నపు నీళ్ళలా తెల్లగా ఉన్న గాజు పెట్టాను. వెలుగు తగ్గింది కానీ సమంగా పరుచుకుంది. గుట్టతో సరిచూశాను. నేను కోరుకున్నదంతా ఒక్కటే, అతను వచ్చి ఒకసారి ఇందులో చూడాలి అని.

నిన్న వచ్చాడు. భూతద్దం కోసం వచ్చాడు. అతను వదిలిన చోటే ఉంచాను, దుమ్ము మాత్రం తుడిచాను. దాన్ని తీసుకుని జేబులో వేసుకున్నాడు. నేను ఎదురుగా నిలబడి, "వలీ, నన్ను తిట్టు" అన్నాను.

"తిడితే నీ బరువు దిగి హల్కా అయితది. ఎందుకు తిట్టాలె?" అన్నాడు.

మళ్ళీ పనిలోకి రమ్మని అడిగాను. సగం దుకాణం నీదే అన్నాను. తల అడ్డంగా ఊపాడు. రైల్వే కార్ఖానాలో పని దొరికిందట, దీపాలకు అద్దాలు బిగించే పని. గడప దగ్గరిదాకా వెళ్ళి ఆగాడు. చేతిపని చేసినవాడి కన్ను ఊరుకోదు కదా. వెనక్కి వచ్చి గొట్టం మీదికి వంగాడు. జేబులోని భూతద్దం తీసి చూశాడు. ఉంగరాన్ని గోటితో కదిపి చూశాడు. అది కదలలేదు.

"మంచిగుంది" అన్నాడు. "మంచిగ చేసినవ్ చారీ."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి కూడా అతని ముఖం మెత్తబడలేదు.

"ఒక్కటి యాదిల పెట్టుకో. దీన్ని దీంతోనే చూసుకోకు. నెలకొకసారి మిద్దెక్కు, గుట్టను చూడు" అని వెళ్ళిపోయాడు. వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. వెనక్కి తిరగలేదు.

ఈ పొద్దున మిద్దె ఎక్కాను. కెమెరా గుట్టకు గురిపెట్టాను. గుట్ట మీది దర్గా మెట్లు కూడా తేలిపడ్డాయి, అంత చక్కగా కుదిరింది. నీకు తెలియనిదేమంటే, మన మిద్దె మీది నుంచి మౌలాలి గుట్టను చూస్తే దాని కిందుగా లాలాగూడ ఇళ్ళు వస్తాయి. ఇన్నేళ్ళు నేనూ గమనించలేదు. గరుకు అద్దంలో తలకిందులుగా వలీ ఇంటి పెంకులు కనిపించాయి. పెరట్లో ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. మెహరాజ్ అయి ఉంటుంది.

చాలా స్పష్టంగా ఉంది అనసూయా. కెమెరాలో తప్పేమీ లేదు. నేనే ఎక్కువసేపు చూడలేక దిగివచ్చాను.

నీ అన్న,
బ్రహ్మచారి